క్రయ పత్రం – కాతిబ్ బాధ్యత: ఉట్నూర్ చెప్పే పాఠం

ఇల్లు కొనడం, అమ్మడం అన్నది సామాన్య కుటుంబం తన జీవితకాలంలో ఒకటి రెండు పర్యాయాలు మాత్రమే చేసే వ్యవహారం. బియ్యమో బట్టలో కొని ఒకసారి మోసపోయినవాడు మరొకసారి జాగ్రత్త పడతాడు. ఇంటి విషయంలో ఆ రెండవ అవకాశం సాధారణంగా రాదు. అందువల్లనే కొనేవానికీ అమ్మేవానికీ నడుమ తెలిసిన మూడవ మనిషి ఒకడు ఉండాలన్న అవసరాన్ని పలు న్యాయవ్యవస్థలు గుర్తించాయి. అరబీలో అతన్ని కాతిబ్ అన్నారు. హైదరాబాదు రాజ్యంలో కాగితం వ్రాసేవాడు మున్షీ, కచ్చేరీలో మాట్లాడేవాడు వకీలు. తెలుగు జిల్లాలలో దస్తావేజు లేఖరి అన్నారు. పేర్లు ఎన్ని ఉన్నా ప్రశ్న ఒక్కటే. అతని పని కుదిరిన బేరాన్ని చక్కని అక్షరాలలో వ్రాసిపెట్టడమా, లేక ఆ బేరం అసలు చెల్లదగినదేనా అని ముందుగా విచారించి చెప్పడమా?

ఈ ప్రశ్నకు ఆదిలాబాద్ జిల్లాలోని ఉట్నూర్ చరిత్ర ఇచ్చే సమాధానం చాలా స్పష్టమైనది. ఒకనాటి గోండు రాజుల కోట ఉన్న ఈ ఊరు నేడు సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థకు కేంద్రం. భారత రాజ్యాంగం ఐదవ షెడ్యూలు క్రింద ప్రకటించబడిన షెడ్యూల్డు ప్రాంతంలో ఇది భాగం. ఇక్కడ ఒక ఇంటి కాగితం ఎంత అందంగా వ్రాయబడినా, ఎందరు సాక్షులు సంతకాలు చేసినా, కొన్నవాడు పైకం పూర్తిగా చెల్లించినా, ఆ కాగితానికి చట్టం దృష్టిలో విలువ లేకపోవచ్చు. అటువంటి కాగితం వ్రాసినవాడు సహాయం చేసినట్లా, అపకారం చేసినట్లా అన్నది ఆలోచించదగిన విషయం.

చెప్పవలసినవాడు ఎవరు?

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటె దీర్ఘమైన ఆయత్, సూరా అల్-బఖరాలోని 282వది, ఆరాధనను గురించి కాక ఆర్థిక వ్యవహారాల వ్రాతకోతలను గురించి అవతరించినది కావడం విశేషం. గడువుగల అప్పును వ్రాసుకోవాలనీ, వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలనీ, వ్రాత నేర్చినవాడు వ్రాయడానికి నిరాకరించరాదనీ, అమ్మకాలు జరిపేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలనీ, లేఖకునికి గాని సాక్షికి గాని హాని కలుగరాదనీ ఈ ఆయత్ ఆదేశిస్తుంది. ఈ ఆదేశం అభిలషణీయమని అధిక సంఖ్యాకులైన ఫుఖహాల అభిప్రాయం. విధిగా పాటించవలసినదేనని ఇబ్నె హజ్మ్ మొదలైన జాహిరీ పండితులు వాదించారు.

ఈ ఆయత్‌లో మరొక అంశం ఉన్నది, దానిపై దృష్టి తక్కువగా పడుతుంది. పత్రంలోని మాటలు ఎవరు చెప్పాలి? అప్పు ఇచ్చిన ధనికుడు కాదు, ఎవరిమీద బాధ్యత పడుతున్నదో అతడే చెప్పాలి. అతడు తెలివి చాలనివాడో, బలహీనుడో, స్వయంగా చెప్పలేనివాడో అయితే అతని తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పాలి. అంటే పత్రం బలహీనుని నోటి నుండి రావాలి, బలవంతుని నోటి నుండి కాదు. ఆయత్ చెప్పినది అప్పును గురించే అయినా, ఇంటి అమ్మకంలో ఈ స్థానం తన హక్కును శాశ్వతంగా వదులుకొంటున్న అమ్మకందారుదని గ్రహించడం కష్టం కాదు. అతని ఇఖ్రార్, అనగా ఒప్పుకోలు, పత్రానికి ప్రాణం. అతనికి అర్థం కాని భాషలో వ్రాసి, చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించిన కాగితంలో ఆ ప్రాణం ఉండదు.

షురూత్ శాస్త్రం

ఇస్లామీయ ధర్మశాస్త్రంలో పత్రరచన ఒక ప్రత్యేక శాఖగా వికసించింది. దానికి ‘ఇల్మె షురూత్’ అని పేరు. ఈజిప్టుకు చెందిన ఇమామ్ తహావీ (మరణం హి. 321, క్రీ. శ. 933) ఒక ఖాజీ వద్ద లేఖకునిగా పనిచేసి, ఆ అనుభవంతో ఈ శాఖలో పెద్ద గ్రంథాలు రచించాడు. ఇల్లు కొనుగోలు పత్రంలో ఊరు, వాడ, వీధి, నాలుగు సరిహద్దులు, ఇంటి క్రింది భాగం, పై భాగం, రాకపోకల దారి, వెల, వెల ముట్టిన సంగతి, స్వాధీనం అప్పగించిన సంగతి, తేదీ, సాక్షులు అన్నీ ఉండాలి. వెల తారుమారు కాకుండా దానిలో సగం ఎంతో కూడా పేర్కొనే ఆచారం ఉండేది. రేపు మరొకడు వచ్చి ఇల్లు నాదని నిరూపిస్తే అమ్మినవాడే పూచీ వహించాలన్న ‘దరక్’ షరతు వీటన్నిటికీ కాపలా వంటిది.

ఈ విద్య హిందూదేశానికీ వచ్చింది. ఔరంగజేబు కాలంలో బుర్హాన్‌పూర్‌కు చెందిన షేఖ్ నిజాం ఆధ్వర్యంలో సంకలితమైన ఫతావా ఆలంగీరీలో షురూత్‌కు ఒక ప్రత్యేక అధ్యాయం కేటాయించబడింది. తెలుగు దస్తావేజులలో నేటికీ వినిపించే చెక్కుబందీ, బయానా, ముక్తార్‌నామా, వకాల్తా, రాజీనామా వంటి మాటలు ఆ పాలనా సంప్రదాయం మిగిల్చిన గుర్తులే. మన లేఖరులు ‘అష్టభోగ స్వామ్యములతో’ అని వ్రాసే మాట సంస్కృత దానశాసనాల నుండి వచ్చింది. రెండు సంప్రదాయాలూ ఒకే కాగితం మీద కలిసి జీవించాయి.

పత్రరచన వల్ల కలిగే మేలును పదకొండవ శతాబ్దికి చెందిన హనఫీ న్యాయవేత్త ఇమామ్ సరఖ్సీ నాలుగు విధాలుగా వివరించాడు. ఆస్తికి రక్షణ కలుగుతుంది. తగాదా తెగుతుంది. అనుమానం తొలగుతుంది. ఈ మూడూ అందరికీ తెలిసినవే. నాలుగవది మాత్రం వకీలు వృత్తికే మూలసూత్రం. బేరమాడుకొనే ఇద్దరికీ తమ ఒప్పందాన్ని చెడగొట్టే కారణాలు తెలియకపోవచ్చు. వారు కాతిబ్ వద్దకు వెళ్ళినప్పుడు అతడు వాటిని తెలియజేసి చెడు ఒప్పందం నుండి వారిని తప్పిస్తాడు. అంటే కాతిబ్ చేతి కలం కంటె అతని ప్రశ్న ముందు రావాలి. ఉట్నూర్‌లో కలాలకు ఎన్నడూ కొదువ లేదు. లోపించినది ఆ ప్రశ్న.

అర్థం కాని కాగితం

నిజాం రాజ్యంలో 1884 నాటికి పర్షియన్ స్థానంలో ఉర్దూ ప్రభుత్వ భాష అయింది. పట్టాలు, పహాణీలు, అర్జీలు, కోర్టు తీర్పులు అన్నీ ఆ భాషలోనే. ఉట్నూర్ కొండలలోని రాజ్‌గోండులు గోండీ మాట్లాడేవారు, కోలాములు కోలామీ. భూమి హక్కు అనేది వారికి కాగితంలో ఉండేది కాదు. ఎవరి తాతలు అడవి నరికి గూడెం కట్టారో, ఏ దేవరకు ఎవరు మ్రొక్కారో, ఊరి పట్లా ఎవరికి చోటు చూపాడో అందులో ఉండేది. పోడు భూమిలో పంట వేసి శిస్తు కట్టినా, చాలామంది పేర ఉన్నది శాశ్వతమైన పట్టా కాదు, శివాయి జమాబందీ అనే తాత్కాలిక సాగు మాత్రమే. బాటలు పడి, బయటి వ్యాపారులు, రైతులు, వడ్డీకి ఇచ్చేవారు వచ్చినప్పుడు పట్టా విలువ తెలిసినవాడు ముందుగా కచ్చేరీకి వెళ్ళి తన పేర వ్రాయించుకొన్నాడు. తరతరాలుగా దున్నినవాడు తన పొలంలోనే పాలికాపు అయ్యాడు.

దీనికి తోడు ఇరవయ్యవ శతాబ్ది తొలి దశాబ్దాలలో రిజర్వు అడవుల హద్దులు వేయబడినప్పుడు ఎన్నో గూడేలు ఆ హద్దుల లోపల చిక్కుకొన్నాయి. ఇండ్లు ఖాళీ చేయించడం, గుడిసెలు తగలబెట్టడం వంటి సంఘటనలు జరిగాయి. జోడేఘాట్‌లో కుమ్రం భీం నాయకత్వాన సాగిన తిరుగుబాటు, 1940లో కాల్పులలో అతని మరణం ఈ నేపథ్యంలో జరిగినవే. తల దాచుకొనే ఇంటికీ దున్నుకొనే చేనుకూ కాగితం లేదన్నదే ఆ మనుషుల నేరం.

ఈ చరిత్రను చదివే ముస్లిం పాఠకుడు ఒక సత్యాన్ని దాటవేయరాదు. ఆ కాగితాల భాష ఉర్దూ. వాటిని వ్రాసినవారిలో, వాటివల్ల లాభపడినవారిలో ముస్లింలూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు. తహావీనీ సరఖ్సీనీ పాఠ్యగ్రంథాలుగా చదివిన విద్యావంతులు ఉన్న రాజ్యంలోనే, బలహీనుడు చెప్పాలి, లేఖకుడు న్యాయంగా వ్రాయాలి అన్న సూత్రం ఉట్నూర్ అడవుల వరకు చేరలేదు. జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ఏడు భూములు చుట్టబడతాయన్న మహాప్రవక్త (స) హెచ్చరిక సహీహ్ బుఖారీలో ఉన్నది. ఆ హెచ్చరిక ఆక్రమించేవాని మతాన్ని బట్టి మారదు.

మార్లవాయి ప్రయత్నం

భీం మరణానంతరం ప్రభుత్వం కళ్ళు తెరిచింది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ ఈ ప్రాంతంలో నివసించి గోండుల జీవితాన్ని పరిశీలించాడు, తరువాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు. ఆయన సూచనలపై, సేతుమాధవరావు పగడి వంటి అధికారుల కృషితో గోండులకు, కోలాములకు పట్టాలు ఇవ్వడం ప్రారంభమైంది. ఆదిలాబాద్ జిల్లాలో ఆ విధంగా సుమారు 1,60,000 ఎకరాలు పంపిణీ అయినట్లు హైమెన్‌డార్ఫ్ నమోదు చేశాడు.

పట్టాలకంటె దీర్ఘకాలం నిలిచినది మరొక పని. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండీలో వాచకాలు తయారయ్యాయి. చదువుకొన్న యువకులు ఉపాధ్యాయులయ్యారు, కొందరు గ్రామోద్యోగాలకు ఎదిగారు. అర్జీ వ్రాయగలవాడు, వచ్చిన కాగితం చదివి చెప్పగలవాడు గూడెంలోనే పుట్టాడు. న్యాయసహాయం అన్న మాట అప్పటికి వాడుకలో లేకపోయినా, బలహీనుని తరఫున చెప్పే ‘సంరక్షకుడు’ ఈ రూపంలో అవతరించాడని చెప్పవచ్చు. హైమెన్‌డార్ఫ్ భార్య బెట్టీ 1987లో మరణించగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆ ఊరివారు వారిద్దరినీ నేటికీ స్మరించుకొంటారు.

చట్టం వేసిన కంచె

1356 ఫస్లీలో, అనగా 1946లో, హైదరాబాదు గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చింది. 1949లో 1359 ఫస్లీ నిబంధన దాని స్థానాన్ని ఆక్రమించింది. గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా కట్టడి చేసే అధికారం ఏజెంటుకు లభించింది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఈ గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డు ప్రాంతాల భూబదిలీ నిబంధన, 1959 మొదట ఆంధ్ర ఏజన్సీకి మాత్రమే వర్తించేది. 1963 డిసెంబరు 1 నుండి తెలంగాణకు విస్తరించింది. దీని ప్రకారం గిరిజనుడు గిరిజనేతరునికి ఏజెంటు అనుమతి లేకుండా బదిలీ చేయరాదు.

అయితే ఒకసారి గిరిజనేతరుని చేతికి వచ్చిన ఆస్తి మరొక గిరిజనేతరునికి, అతని నుండి ఇంకొకనికి పోతూనే ఉన్నది. ఈ ద్వారాన్ని 1970 ఫిబ్రవరి 3న అమలులోకి వచ్చిన 1/70 నిబంధన మూసివేసింది. ఆ తేదీ నుండి షెడ్యూల్డు ప్రాంతంలోని స్థిరాస్తిని అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా, కొనేవాడు షెడ్యూల్డు తెగకు చెందినవాడో, కేవలం వారితో ఏర్పడిన సహకార సంఘమో అయి ఉండాలి. లేనిచో బదిలీ పూర్తిగా శూన్యం. అంతేకాదు, గిరిజనేతరుని స్వాధీనంలో ఉన్న ఆస్తి గిరిజనుని నుండి వచ్చినదేనని చట్టం ముందుగా భావిస్తుంది. కాదని నిరూపించవలసిన భారం స్వాధీనంలో ఉన్నవానిదే. 1978 సవరణ ఉల్లంఘనను శిక్షార్హమైన నేరంగా చేసింది.

ఈ నిబంధన రాజ్యాంగబద్ధమేనని 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1995లో వెంకటరమణయ్య కేసులో, నిబంధన రావడానికి ముందే పూర్తి అయిన బదిలీలను ఇది వెనుకకు పోయి రద్దు చేయదని స్పష్టం చేసింది. 1997లో సమత కేసులో ‘వ్యక్తి’ అన్న మాటలో ప్రభుత్వం కూడా చేరుతుందని తీర్మానించింది. చట్టం పుస్తకంలో ఉండడం వేరు, నేలమీద ఉండడం వేరు అన్నది 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తెలిసింది. భూమి సమస్యలపై సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరుపగా ప్రభుత్వ లెక్క ప్రకారమే 13 మంది మరణించారు. ఇంద్రవెల్లి ఉట్నూర్‌కు పొరుగూరే.

ఇంటి మాట ఏమిటి?

‘ఇది పొలాలకు సంబంధించిన చట్టం గదా, ఇంటికేమిటి?’ అన్న ప్రశ్న సహజం. నిబంధన వాడిన మాట స్థిరాస్తి. అందులో ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం అన్నీ చేరుతాయి. బదిలీ అన్న మాట కూడా విశాలమైనది. అమ్మకం, తనఖా, కౌలు, దానం, మార్పిడి, వాటికి సంబంధించిన ఒప్పందం సైతం అందులో ఉన్నాయి. గిరిజనుని పేరు పెట్టి గిరిజనేతరుడు అనుభవించే బినామీ ఏర్పాటును కూడా వదలలేదు.

ఉదాహరణకు, ఒక చిన్న వ్యాపారి 1985లో ఉట్నూర్ వంటి ఊరిలో మరొక వ్యాపారి నుండి వంద రూపాయల స్టాంపు కాగితంపై ఇల్లు కొన్నాడనుకొందాం. సాక్షులు ఉన్నారు, ఇంటిపన్ను రసీదు అతని పేరనే వస్తున్నది, కరెంటు బిల్లు అతని పేరనే ఉన్నది. అతని మనసులో అది తన ఇల్లు. చట్టంలో మాత్రం అతనికి ఏమీ సంక్రమించలేదు. పన్ను రసీదు పన్ను కట్టినట్లు మాత్రమే చెబుతుంది, హక్కు ఉన్నట్లు చెప్పదు. వంద రూపాయలకు పైబడిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు పత్రం ద్వారానే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతున్నది. రిజిస్టరు అయినా, శూన్యమైన బదిలీకి రిజిస్ట్రేషను ప్రాణం పోయలేదు. ఏండ్లు గడచినంత మాత్రాన హక్కు పుట్టదు. ఒరిస్సా నుండి వచ్చిన ఇటువంటి వ్యాజ్యంలో, గిరిజనుని భూమిపై దీర్ఘకాల స్వాధీనం ద్వారా హక్కు సంపాదించలేరని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఇంటిని బ్యాంకు కుదువకు తీసుకోదు. కూతురి పెండ్లికి అమ్ముదామన్నా సక్రమంగా కొనగలవాడు దొరకడం అరుదు.

ఇక్కడ ధర్మశాస్త్ర పరిభాష ఉపకరిస్తుంది. హనఫీలు చెడిన ఒప్పందాన్ని రెండు విధాలుగా విభజించారు. ‘ఫాసిద్’ అంటే దోషం గలది. స్వాధీనం జరిగితే కొంత ఫలితం ఉంటుంది, దోషాన్ని తొలగించి సరిదిద్దుకొనే వీలూ ఉండవచ్చు. ‘బాతిల్’ అంటే మొదటి నుండి లేనిది. దాని నుండి యాజమాన్యం పుట్టదు. తెలుగులో రెండింటినీ ‘చెల్లదు’ అనే ఒక్క మాటతో చెప్పడం వల్ల ప్రజలు తమ కాగితంలో ఏదో చిన్న లోపం ఉన్నదనీ, రుసుము కడితే సరిపోతుందనీ భ్రమపడతారు. ఉట్నూర్‌లో 1970 ఫిబ్రవరి 3 తరువాత గిరిజనేతరుడు కొన్న ఇల్లు ఈ రెండవ తరగతికి పోలినది. తెలంగాణలో సాదా బైనామాల క్రమబద్ధీకరణకు పలుమార్లు అవకాశం ఇచ్చారు. 2020లో దరఖాస్తులు స్వీకరించారు, 2025లో అమలులోకి వచ్చిన భూభారతి చట్టం వాటి పరిష్కారానికి మార్గం చూపింది. అది వ్యవసాయ భూములకు ఉద్దేశించినది. భూబదిలీ నిబంధనకు విరుద్ధమైన కొనుగోలును సక్రమం చేసే సాధనం కాదు.

ముస్లిం కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. తండ్రి తన జీవితకాలంలోనే ఇంటిని ఒక కుమారునికి హిబా చేయడం వాడుక. షరీఅత్ ప్రకారం ఇచ్చేవాని ప్రకటన, పుచ్చుకొనేవాని అంగీకారం, స్వాధీనం ఉంటే హిబా పూర్తి అవుతుంది. కాని నిబంధనలో దానం కూడా బదిలీయే, పుచ్చుకొనే కుమారుడు గిరిజనేతరుడే. మరణశాసనాన్ని మాత్రం నిబంధన మినహాయించింది, వారసత్వంగా సంక్రమించడం బదిలీ క్రిందికి రాదు. అయితే షరీఅత్‌లో వసీయత్ మూడవ వంతుకు మించరాదు, ఇతర వారసుల అంగీకారం లేకుండా ఒక వారసునికి చేయరాదు. ఒక శాస్త్రం తెరిచిన తలుపును మరొకటి మూస్తుంది. కాబట్టి మౌల్వీ సాహెబ్‌ను మాత్రమే అడిగినవాడు, వకీలును మాత్రమే అడిగినవాడు ఇద్దరూ సగం సమాధానంతోనే ఇల్లు చేరుతారు.

ముందు అడగవలసినవి

ఇప్పుడు న్యాయసహాయం అంటే ఏమిటో చెప్పడం సులభం. దస్తావేజు లేఖరి చెప్పినది వ్రాస్తాడు. వకీలు చెప్పనిదాన్ని అడగాలి. ఈ గ్రామం షెడ్యూల్డు ప్రాంతపు జాబితాలో ఉన్నదా? అమ్మేవాడు, కొనేవాడు ఏ తెగకు, ఏ వర్గానికి చెందినవారు? ఆస్తి ఎవరి నుండి ఎవరికి, ఏ తేదీన వచ్చింది? ఆ తేదీ 1949కి ముందా, 1963కి ముందా, 1970కి ముందా? ప్రతి మలుపుకూ అసలు పత్రం ఉన్నదా? రిజిస్ట్రారు కచ్చేరీలో ఋణభారాల ధ్రువపత్రం ఏమి చెబుతున్నది? ఏజెంటు కచ్చేరీలో ఈ ఆస్తిపై కేసు నడిచిందా? అమ్మే గోండు రైతుకు పత్రం అతని భాషలో వినిపించబడిందా? ఈ ప్రశ్నలకు సమాధానం రాకముందు బయానా ఇవ్వడం తెలిసి తెలిసి నీటిలో పైకం వేయడమే. బయానా ఒప్పందం కూడా బదిలీ నిర్వచనంలోనే ఉన్నది.

అమ్మకందారు కూడా మౌనంగా ఉండరాదు. కొనేవాడు కనిపెట్టలేని హక్కు లోపాన్ని చెప్పవలసిన బాధ్యతను ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అమ్మేవానిపై పెట్టింది. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి లోపాన్ని వెల్లడిస్తే వారి వ్యాపారంలో శుభం కలుగుతుందనీ, దాచితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందనీ హకీమ్ బిన్ హిజామ్ (ర) ఉల్లేఖించిన హదీసు తెలియనిది కాదు. గిరిజనేతరుడు తన పాత హక్కుగల ఆస్తిని అమ్మదలచి, గిరిజనులలో కొనేవారు దొరకనప్పుడు దానిని ప్రభుత్వం తీసుకొనేందుకు దరఖాస్తు చేసుకొనే మార్గం నిబంధనలోనే ఉన్నది. వెల తక్కువ కావచ్చు, కాని అది సక్రమమైన మార్గం.

వకీలుకు ఇవ్వడానికి పైకం లేదనడం నేడు పూర్తి సమాధానం కాదు. 1976లో రాజ్యాంగంలో చేరిన 39-ఏ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని రాజ్యం లక్ష్యంగా ప్రకటించింది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుండి అమలులో ఉన్నది. షెడ్యూల్డు తెగలవారు, షెడ్యూల్డు కులాలవారు, స్త్రీలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. అంటే తన చేను పోయిన గోండు రైతుకు, భర్త చనిపోయి ఇంటి కాగితాలు అర్థం కాక కూర్చున్న ముస్లిం వితంతువుకు, ఇద్దరికీ ఒకే చట్టం క్రింద వకీలు లభిస్తాడు. ఇతర పేదలకు ఆదాయ పరిమితిని బట్టి లభిస్తాడు. 1996 నాటి పీసా చట్టం గిరిజన భూమి అన్యాక్రాంతం కాకుండా చూచే, పోయినదాన్ని తిరిగి ఇప్పించే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. సాక్షి అంటే సంతకం పెట్టే ఇద్దరు మనుషులు మాత్రమే కాదు, ఊరు ఊరంతా సాక్షి కావాలన్నది దాని భావం.

పొరుగువాని హక్కు

పైకం ఇచ్చి నిజాయితీగా కొన్న చిన్న మనిషికి ఇది అన్యాయం కాదా అన్న బాధ అర్థం చేసుకోదగినదే. దుకాణంలో ముప్పయి ఏండ్లు సంపాదించినదంతా నాలుగు గోడలలో పెట్టినవాని కన్నీరు కూడా కన్నీరే. అయితే అమ్మేవాడు, కొనేవాడు ఇష్టపడితే చాలు, మూడవవానితో పని లేదన్న సూత్రాన్ని ఇస్లామీయ ధర్మశాస్త్రం కూడా అంగీకరించలేదు. హనఫీ మతంలోని ‘షుఫా’ అమ్మకం జరిగిన తరువాత కూడా ఉమ్మడిదారునికి, ప్రక్క ఇంటివానికి ఆ వెలకే ఇంటిని తీసుకొనే హక్కు ఇచ్చింది. పొరుగు అనే ప్రాతిపదికపై ఉన్న ఆ హక్కును 1962లో భావురాం కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసిన మాట నిజమే. అయినా దాని వెనుక ఉన్న ఆలోచన గమనార్హం. ఇల్లు రెండు చేతుల మధ్య మారే సరుకు మాత్రమే కాదు, అది ఉన్న చోటుపై చుట్టుప్రక్కలవారికీ ఒక ఆసక్తి ఉంటుంది. ఉట్నూర్‌లో ఆ పొరుగువాడు గోండు, కోలాం. అతని ఆసక్తిని 1/70 నిబంధన చట్టంగా వ్రాసింది.

అందుచేత నష్టపోయిన కొనుగోలుదారు నిందించవలసినది నిబంధనను కాదు, అది ఉన్నదని తెలిసీ చెప్పకుండా అమ్మినవానిని, అడగకుండా వ్రాసిన లేఖరిని. అర్ధశతాబ్దికి పైగా అమలులో ఉన్న చట్టం తెలియదని వ్రాసేవాడు చెప్పడం సరఖ్సీ దృష్టిలో వృత్తిధర్మానికే విరుద్ధం. పల్లెలో అక్షరం తెలిసిన ప్రతివానికీ, ఇమామ్‌కు, ఉపాధ్యాయునికి, పంచాయతీ సభ్యునికి ఈ బాధ్యతలో భాగం ఉన్నది. సాక్షి సంతకం కోసం ఎవరైనా పిలిచినప్పుడు కలం తీసే ముందు ఆ స్థలం ఎవరిదని అడగడం, సమాధానం సరిగా లేకపోతే సంతకం చేయక వారిని న్యాయసేవల సంస్థకు పంపడం పెద్ద విద్య అక్కరలేని పని. ఒక కుటుంబం కష్టార్జితాన్నీ, మరొక కుటుంబం నేలనూ కాపాడడానికి అంతమాత్రం చాలు.